బోర్డు ఎవరి గట్టున?

జెర్డా ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. ఆ ముప్ఫై ఏళ్లూ ఆవిడ చూసినవి రెండే రెండు: ముందు రోడ్డు, వెనక అద్దంలో పిల్లకోతులు. పక్కకి చూడ్డం పాపమని ఆవిడ మతం. రిటైరై చాలాకాలమైనా ఆ మతం మారలేదు. అలాంటి మనిషిని డ్రైవరుగా పెట్టుకుని దేశం చూడ్డానికి బయల్దేరడం చెల్లెలు తిల్లీది బుద్ధి తక్కువ. కానీ ఏం చేస్తుంది పాపం? కారు అక్కది. పైగా తిల్లీ స్టీరింగు పట్టుకుంటే చెట్ల అందం చూస్తూ వెళ్లి ఆ చెట్టుకే గుద్దుతుంది. గుద్దింది కూడా.

రోడ్డు పక్కన చరిత్ర బోర్డు కనిపిస్తే చాలు, "అక్కా ఆపు, ఆపు" అని తిల్లీ గగ్గోలు పెట్టేది. జెర్డా బ్రేకు మీద కాలు పెట్టేసరికి బోర్డు మైలు వెనక ఉండేది.

"ఎవడో ఎవణ్నో కాల్చుంటాడు. మన దేశంలో బోర్డంటే ఇంకేం ఉంటుందే?" అనేది జెర్డా.

కెంటకీ కొండల్లోకి వచ్చాక ఒక రోజు పొద్దున, మోటెల్లో నీళ్లలాంటి కాఫీ తాగుతూ ఆవిడ తేల్చిచెప్పేసింది. "ఇదిగో తిల్లీ, ఇవాళ సాయంత్రం దాకా గడువు. ఇంటికెళ్లాక కూడా నాకు గుర్తుండేది ఒక్కటంటే ఒక్కటి చూపించు. చూపించావా, నువ్వు కలవరించే ఆ దక్షిణపు సముద్రం దాకా నోరు మూసుకుని వస్తా. లేదా, రేపు తెల్లారగానే మిషిగన్‌కి తిరుగు ముఖం. ఇంక జన్మలో నన్ను అడక్కు."

పళ్ల డాక్టరు దగ్గర కౌంటర్లో కూచుని, గోడ మీది క్యాలెండరులో కొండల్నీ సముద్రాల్నీ చూస్తూ సగం జీవితం గడిపేసిన మనిషి తిల్లీ. డాక్టరు ఏటా ఆ క్యాలెండరు మార్చేవాడు, ఆవిడ బతుకు మాత్రం మారేది కాదు. ఇప్పుడైనా చూడకపోతే ఇంకెప్పుడు చూస్తుంది? అక్క మాటంటే మాటే. దేవుడు దిగొచ్చి బతిమాలినా బండి వెనక్కి తిప్పేస్తుంది.

అందుకే పొద్దున్నించీ తిల్లీ ఒళ్లంతా కళ్లు చేసుకుంది. ఏప్రిల్ నెల. కొండవాలంతా ఆకు ఇంకా రాని కొమ్మలకి గులాబీరంగు పూలు దట్టంగా అంటుకుని ఉన్నాయి. "అక్కా, ఆ పూలు చూడు!" "నా కళ్లు రోడ్డు మీదుండాలి." "పోనీ ఆ రాతి వంతెన చూడు!" "వంతెన మీదికి ఎక్కబోతున్నాను, చూడకుండా ఎలా ఎక్కుతాననుకున్నావ్?" ఇదీ వరస.

ఆ వంతెన ముందే కార్ల బారొకటి తగిలింది. అన్నీ దీపాలు వేసుకుని నత్తల్లా పోతున్నాయి. పట్టపగలు దీపాలు వేయడం జెర్డాకి బస్సు నాటి అలవాటు కనుక, ఆవిడ కారూ ఆ బారు చివర అచ్చం అందులో పుట్టినదానిలాగే అతుక్కుపోయింది. నాలుగు రోడ్ల కూడలిలో ఎర్ర దీపం వెలుగుతోంది. అయినా పోలీసాయన మిగతా రోడ్లు ఆపేసి, పొమ్మని జెర్డాకి చెయ్యి ఊపాడు.

"చూశావా మర్యాదంటే! మన ఊళ్లో ఎవడైనా ఇలా పంపాడా?" జెర్డా పొంగిపోయింది.

అక్కడితో అయిందా? ఎదురుగా వచ్చే లారీలూ కార్లూ ఒక్కొక్కటీ రోడ్డు దిగి పక్కన ఆగిపోయాయి. పొలంలో దున్నుతున్న మనిషి ట్రాక్టరు ఆపి, కిందికి దిగి, టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. జెర్డా మహారాణిలాగా అతనికి చెయ్యి ఊపింది. అతను బిత్తరపోయాడు. మిషిగన్ నించి వచ్చిన ఉత్తరాదివాళ్లకి ఈ దక్షిణాది పద్ధతులు ఎక్కడ తెలుస్తాయి?

తిల్లీకి మాత్రం వేరే వింత కనిపించింది. పచ్చరేకుల ఇంటి ముందు వరండాలో ఒక ముసలాయన కూచున్నాడు. దారిపొడుగునా జనం రోడ్డు వైపు తిరిగి నిలబడితే, ఈయన కుర్చీని గోడ వైపు తిప్పుకుని, నెత్తిన టోపీతో, రోడ్డుకి వీపు పెట్టి కూచున్నాడు.

"అక్కా, ఆయన్ని చూడు!"

"రోడ్డు మీద ఉన్నాడా?"

"లేడు."

"అయితే నాకనవసరం."

బారు ఒక చిన్న తెల్ల చర్చి ఆవరణలోకి తిరిగింది. జెర్డా కూడా తిరిగింది. ముందున్న పొడుగాటి నల్ల బండి వెనక తలుపు తీసి, ఆరుగురు పెట్టెని బయటికి లాగేదాకా ఇద్దరికీ బుర్రకెక్కలేదు.

"ఓసి నీ దుంప తెగ! శవయాత్రే! దారి ఇవ్వడం, టోపీలు తీయడం పోయినవాడికా!" అంది జెర్డా. రివర్స్ గేరు వేయబోయేంతలో ఒక లావుపాటి ఆవిడ వచ్చి తలుపు తీసేసింది. నంబరు ప్లేటు వైపు చూసి కళ్లు ఒత్తుకుంది.

"మిషిగన్ నించా! మా హర్షెల్ కోసం అంత దూరం నించే! కార్ల ఫ్యాక్టరీలకి వలస పోయిన మా కాడిల్ ఇంటిపేరువాళ్ల పిల్లలయ్యుంటారు మీరు. దిగండమ్మా, దిగండి."

ఈ కొండల్లోంచి మిషిగన్ ఫ్యాక్టరీలకి పోని ఇల్లు లేదు. అందుకని ఆ నంబరు ప్లేటుతో ఎవరొచ్చినా ఇక్కడ చుట్టమే. జెర్డా నోరు తెరవబోయింది. తిల్లీ ఆవిడ కాలు తొక్కింది. "ఇలాంటప్పుడు దూరం చూసుకుంటామా అమ్మా" అంది మెల్లగా. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు చూడండి.

పూడ్చడం అయ్యాక చర్చి హాల్లో భోజనాలు. వేయించిన కోడి, చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న రొట్టె, అరటిపండు పాయసం. జెర్డా మొదట ముళ్ల మీద కూచున్నట్టు కూచుంది. కోడి రుచి చూశాక కాస్త సర్దుకుంది. తిల్లీ తింటూనే, పక్కనున్న లావుపాటావిడ నించి కథంతా లాగింది.

హర్షెల్, ఆర్లిస్ సొంత అన్నదమ్ములు. ఇద్దరి పొలాలకీ మధ్యన ఒక వాగు, వాగులో ఒక మంచినీళ్ల ఊట. అంతర్యుద్ధం నాడు ఒక రాత్రి రెండు పక్షాల సైనికులూ తుపాకులు గడ్డిలో పడేసి ఆ ఊట దగ్గర కలిసి నీళ్లు తాగారట. జిల్లా వాళ్లు వచ్చి ఆ సంగతి రాసిన చెక్కబోర్డు హర్షెల్ గట్టున పాతారు. ఊట కన్ను నా వైపుంటే బోర్డు వాడి వైపా అని ఆర్లిస్ ఎత్తుకుపోయి తన గట్టున పాతాడు. శుక్రవారం తిరిగేసరికి హర్షెల్ మళ్లీ ఎత్తుకొచ్చాడు. అలా శుక్రవారానికోసారి, ఏళ్ల తరబడి ఆ బోర్డు వాగు దాటుతూనే ఉంది. అన్నదమ్ముల మధ్య మాట మాత్రం దాటలేదు.

"యుద్ధం చేసేవాళ్లు కలిసి తాగారు, తోడబుట్టినవాళ్లు కొట్టుకుచచ్చారు. అదమ్మా మా ఊరి చరిత్ర" అందావిడ.

అప్పుడే హర్షెల్ భార్య ఓపల్ వీళ్ల బల్ల దగ్గరికి వచ్చింది. గుప్పెడంత మనిషి. నల్ల గౌను, పదునైన కళ్లు.

"మీదే కదమ్మా చివరి కారు?" అంది జెర్డాతో. "ముందు కార్లో నేను తలొంచుకు కూచున్నాను. చూసే ధైర్యం లేకపోయింది. మా వాళ్లని అడిగితే నేను చూళ్లేదంటే నేను చూళ్లేదంటున్నారు. అందరికీ ఒక్కసారే కళ్లు పోయాయిట. మీరు చెప్పండి. పచ్చరేకుల ఇంటి దగ్గర మా మరిది ఆర్లిస్ టోపీ తీశాడా?"

గోడకి తిరిగిన కుర్చీ తిల్లీ కళ్లముందు కదిలింది. చుట్టూ ఉన్నవాళ్లందరూ తమ పళ్లాల్లోకి చూస్తున్నారు.

ఏమీ చూడని జెర్డా మాత్రం తడుముకోలేదు. "తీశాడమ్మా! రెండు చేతులా తీశాడు. గుండెకి హత్తుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా. నా కళ్లారా చూశాను."

ఎవరో దగ్గారు. ఓపల్ చాలాసేపు జెర్డా మొహంలోకి చూసింది. తర్వాత వంటల బల్ల దగ్గరికి పోయి, పెద్ద గాజుపళ్లెం నిండా అన్నీ సర్ది, రేకు కప్పి తెచ్చింది.

"అంత ఏడ్చినవాణ్ని పస్తు పెడతామా? మీ దారే కదా, ఇచ్చెళ్లండి. పళ్లెం మాత్రం వాడే స్వయంగా తెచ్చివ్వాలని చెప్పండి." ఇక్కడ పళ్లెం బాకీ పెట్టుకుని బతికినవాడు లేడు. అడుగున ఓపల్ పేరు అంటించి ఉంది కూడా.

కారెక్కగానే జెర్డా విరుచుకుపడింది. "అంతా నీ వల్లే! చర్చిలో అబద్ధమాడించావు. ఇంతకీ నిజంగా తీశాడా?"

"తియ్యలేదక్కా. వీపు చూపించాడు. చూడమంటే రోడ్డు మీద ఉన్నాడా అన్నావు."

జెర్డా చెవులు ఎర్రబడ్డాయి. "వాడు పళ్లెం పట్టుకుని ఆవిడకి ఎదురుపడితే ఒక్క క్షణంలో నా బండారం బయటపడుతుంది. భర్తని పూడ్చిన రోజు ఆ ముసలమ్మకి ఆశ పెట్టానే, ఛీ! పద. వాడి చేత టోపీ తీయిస్తాను, లేదా నేనే పీకుతాను."

ఇదంతా అయ్యాక సముద్రం మాట ఎత్తగలనా అనుకుంది తిల్లీ. రేపు మిషిగన్ ఖాయం.

ఆర్లిస్ ఇంకా వరండాలోనే, గోడకే ఎదురుగా కూచుని ఉన్నాడు. జెర్డా అల్లరి పిల్లాణ్ని బస్సు దింపడానికి పోయినట్టు దబదబా మెట్లెక్కింది.

"లేవయ్యా. టోపీ తియ్యి."

"ఎవరమ్మా నువ్వు?"

"నీ కోసం అబద్ధమాడినదాన్ని! నువ్వు టోపీ తీసి ఏడ్చావని మీ వదినతో చెప్పాను. నా పరువు నీ నెత్తి మీదుంది. తియ్యి ముందు."

ఆర్లిస్ కుర్చీ తిప్పాడు. కళ్లు వాచిపోయి ఉన్నాయి. "సగం నిజమే చెప్పావులే" అన్నాడు. "ఊరంతా చూస్తూ పోతోంది. వాళ్లకెందుకు నా ఏడుపు?"

జెర్డా కాస్త తగ్గి పళ్లెం కింద పెట్టింది. ఆయన లేచి, రండి అన్నట్టు తలాడించి, పొలం గట్టున వాగు దాకా నడిచాడు. బండ కింద నించి నీళ్లు సన్నగా, చప్పుడు లేకుండా వస్తున్నాయి. బండ మీద పాచి తుడిస్తే ఎప్పటివో సైనికుల పేర్లు. పైన వంగిన కొమ్మల నించి గులాబీరంగు పూలు రాలి ఊటలో తిరుగుతున్నాయి. జెర్డాకి చూడ్డానికి ఇక్కడ రోడ్డు లేదు. అందుకని చూసింది. వంగి దోసిలితో తాగింది. నీళ్లు చల్లగా పళ్లు జివ్వుమన్నాయి.

గట్టున చెక్కబోర్డు నిలబడి ఉంది. ఆర్లిస్ వైపు.

"కిందటి దొంగతనం నాది" అన్నాడాయన. "శీతాకాలం ముందు తెచ్చాను. శుక్రవారం అన్నయ్య వస్తాడనుకున్నాను. రాలేదు. మంచాన పడ్డాడన్నారు. పోనీ ఓపిక లేదేమో, తేలిగ్గా ఊడొస్తుందని మేకులు వదులు చేశాను. పునాది మట్టి కూడా తోడి పెట్టాను. రోజూ పొద్దున్నే వచ్చి చూసేవాణ్ని. బోర్డు ఇక్కడే ఉండేది." ఆయన బోర్డు మీద చెయ్యి వేశాడు. "మాకు మాటల్లేవని ఊళ్లో అంటారు. మరి అదేమిటి? వాడొచ్చి ఎత్తుకుపోవడం, నేనెళ్లి ఎత్తుకురావడం. మేం మాట్లాడుకోని వారం లేదు తల్లీ."

తిల్లీకి ఏడుపొచ్చింది. జెర్డా గట్టిగా ముక్కు చీదింది.

"గెలిచి ఏం బావుకున్నావయ్యా!" అని చొక్కా చేతులు పైకి మడిచింది. "పట్టు అటువైపు. తిల్లీ, నువ్వు కింద పట్టుకో."

ముగ్గురూ కలిసి బోర్డు పీకారు. వదులుగానే ఉంది. మోకాళ్ల లోతు నీళ్లలో అవతలికి మోశారు. హర్షెల్ గట్టున పాత గుంటలోనే నిలబెట్టి మట్టి తొక్కుతుంటే, వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. ఓపల్. నల్ల గౌను చేత్తో ఎత్తిపట్టుకుని గడ్డిలో నించుని ఉంది.

"అమ్మా, నేను చెప్పింది..." అని జెర్డా నసిగింది.

"అబద్ధమని నాకు తెలీదూ? ఆర్లిస్ అందరి ముందూ ఏడవడమా? పెళ్లిలో కూడా టోపీ తీయని వెధవ, బట్టతల కనిపిస్తుందని. అంత చక్కగా అబద్ధమాడే మనిషయితే వీణ్ని కుర్చీలోంచి కూడా లేపగలదనిపించింది. అందుకే పళ్లెం నీ చేతికిచ్చాను."

ఆర్లిస్ అప్పుడు టోపీ తీశాడు. బట్టతల ఎండలో మెరిసింది. "వదినా, ఇంక ఇది ఇక్కడే ఉంటుంది. అన్నయ్య గట్టునే. నేను ముట్టుకోను" అన్నాడు.

ఓపల్ ఒక్కసారి భగ్గుమంది. "ముట్టుకోవూ? ఒరే ఆర్లిస్, ఆయన పోయాడు గానీ నేను పోయానా? శుక్రవారం నాటికి ఈ బోర్డు నీ గట్టున కనిపించకపోతే నీ ఇంటికొచ్చి నీ తాట తీస్తాను. పై వారం నేనొచ్చి ఎత్తుకుపోతాను. మేకులు వదులు చేశావంటే మాత్రం ఊరుకోను."

ఆర్లిస్ నవ్వబోయి, నవ్వలేక, టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఓపల్ వెళ్లి ఆయన పక్కన నించుంది.

అక్కచెల్లెళ్లు తడి బూట్లతో కారు దగ్గరికి వచ్చారు. పొద్దు కొండ వెనక్కి వాలుతోంది. గడువు అయిపోయింది. తిల్లీ సీటు బెల్టు పెట్టుకుని, భయం భయంగా అక్క మొహం చూసింది. జెర్డా తాళం తిప్పలేదు.

"శుక్రవారం దాకా ఇక్కడే ఎక్కడైనా గదుందేమో కనుక్కో" అంది. "ఆ ముసలాడు ఒక్కడే అంత బరువు ఎలా మోస్తాడు? సముద్రం ఎక్కడికీ పోదు."