వరహాలమ్మ గుండె, నా కొలత

నేను ఒక కళ్ళజోడును. ముక్కు మీద సుతారంగా కూర్చునే రకం కాదు. ముఖం సగం ఆక్రమించి, తల చుట్టూ పట్టీ బిగించుకునే రకం. నన్ను పెట్టుకున్నవాళ్ళకు ఉన్న గది కనబడదు, లేని లోకం కనబడుతుంది. వాళ్ళు ఆ లోకాన్ని చూస్తుంటే నేను వాళ్ళ గుండెను చూస్తుంటాను. నుదుటికి ఆనే చోట నాకొక చిన్న పచ్చదీపం ఉంది. చర్మం కింద నెత్తురు పరుగును బట్టి అది గుండె వేగాన్ని లెక్కకడుతుంది. ఆ లెక్కకు నేనొక పేరు పెడతాను: భయం, సంతోషం, దుఃఖం, ప్రశాంతం. తమ మనసులో ఏముందో మనుషులకు తెలియదు. పక్కవాళ్ళు చెబితే నమ్మరు. తెర మీద అక్షరాల్లో పడితే మాత్రం వెంటనే నమ్ముతారు.

నన్ను తయారుచేసిన చోట, నీలం టోపీ పెట్టుకున్న ఒక పిల్ల నన్ను మొట్టమొదట పెట్టుకుని పరీక్షించింది. ఆమెకు సముద్రం చూపించాను. సంతోషం అని చెప్పాను. ఆ తరువాత ఆమె నన్ను పెట్టెలో పెట్టి మూత వేసింది. నాకు తెలిసిన మొదటి మనిషి అలా మూత వెనక్కి వెళ్ళిపోయింది.

మూత మళ్ళీ తెరుచుకునేసరికి కాకినాడలో ఒక కాలేజీ. అక్కడి మేష్టారు పిల్లలకు కొండ అంచు చూపించి వాళ్ళ భయాన్ని కొలిచేవారు. పిల్లలు కెవ్వుమని అరిచి, మళ్ళీ చూస్తామని వరుసలో నిలబడేవారు. ఆయనకు బదిలీ అయ్యాక నన్ను పాత సామానులో అమ్మేశారు. కొన్నది రామచంద్రపురంలో పెళ్ళి వీడియోలు తీసే అబ్బులు. భయాన్ని కొలిచే యంత్రాన్ని పెళ్ళిళ్ళలోకి తెచ్చినవాడికి లోకజ్ఞానం లేదని ఎవరనగలరు?

అబ్బులు కనిపెట్టిన కొత్త సరుకు పేరు అప్పగింతల ట్రయల్. పిల్లను అత్తవారికి అప్పగించే ఘట్టాన్ని వారం ముందే ఉత్తుత్తిగా తీస్తాడు. పెళ్ళి రోజున పుట్టింటివాళ్ళు నన్ను పెట్టుకుని అది చూస్తారు. ఎవరి గుండె ఎలా ఉందో హాల్లోని పెద్ద తెర మీద పడుతుంది. చుట్టాలు కాఫీ తాగుతూ చదువుకుంటారు.

హైమ పెళ్ళిలో నా పని ఇంకాస్త పెద్దది. తల్లి లేని హైమను పెంచింది మేనత్త వరహాలమ్మ. చేతిలో చెయ్యి పెట్టి అప్పగించవలసింది ఆవిడే. కానీ ఆవిడ గుండెకు మొన్న ఆపరేషన్ అయింది. ఉద్వేగం పనికిరాదని డాక్టరు చెప్పాడు. హైమ తండ్రి పట్టాభిరామయ్య పట్టుబట్టాడు.

"అక్కా, ఆ సమయానికి నువ్వు భోజనాల హాల్లో కూచో."

"కూచుంటాలే. నా చేతులు రెండూ ఇక్కడ వదిలేసి వెళ్తాను, సరేనా?"

అబ్బులు మధ్యలో దూరాడు. "గొడవెందుకండీ, మిషనుంది కదండీ! దుఃఖం అని పడితే భోజనాల హాలు. ప్రశాంతం అని పడితే అప్పగింతలు."

అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒప్పుకున్నారు. ఒకరి మాట ఒకరు అరవై ఏళ్ళుగా విననివాళ్ళు, నా మాట వింటామన్నారు.

వరహాలమ్మ నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమబొట్టు ఉంది. అది సరిగ్గా నా దీపానికి అడ్డం వస్తుందని అబ్బులుకు తెలుసు.

"అమ్మగారూ, ఆ బొట్టు ఒక్కసారి..."

"ఏంట్రా?" అన్నాడు పట్టాభిరామయ్య. "పెళ్ళిపందిట్లో ముత్తయిదువని బొట్టు చెరుపుకోమంటావా?"

"అబ్బెబ్బే! చాలా కళగా ఉందంటున్నానండీ."

నన్ను ఆ కుంకుమ మీదే బిగించారు. లోపల ట్రయల్ మొదలైంది. వరహాలమ్మ నిలబడవలసిన చోటే కెమెరా పెట్టి తీసినది కాబట్టి, హైమ తిన్నగా ఆవిడ కళ్ళలోకే చూస్తోంది. ఆ రోజు పెళ్ళికొడుకు దొరక్క వంటమేస్త్రీని నిలబెట్టారు. అతను గరిట కింద పెట్టలేదు. గరిటతో ఉన్నా సరే, పిల్లను తీసుకుపోయేవాడు తీసుకుపోయేవాడే. వరహాలమ్మ చెంపలు తడవడం నాకు తెలుస్తోంది. కానీ గుండె కనబడదు, కుంకుమే కనబడుతోంది. కుంకుమకు ఏ దిగులూ ఉండదు. కనబడినదే చెప్పాను.

తెర మీద పెద్ద అక్షరాలతో పడింది: ప్రశాంతం.

"పెంచిన చెయ్యి అన్నారు. లోపల ఏసీ వేసినట్టుంది కదమ్మా!" అంది ఒక పెద్దావిడ, కాఫీ ఊదుకుంటూ.

వరహాలమ్మ నన్ను తీసి, తెరను చూసింది. చెంప తడుముకుంది. "నాకు బాధ లేదంటోందా ఇది? మరి ఇదేంటి?"

"దాని గోల వదిలెయ్యి అత్తా," అంది పెళ్ళిపీట దగ్గర్నుంచి హైమ. "నువ్వు నిలబడొచ్చంటోంది. నాకది చాలు."

అప్పగింతల వేళ వరహాలమ్మ పాలలో తడిపిన హైమ చేతిని వియ్యపురాలి చేతిలో పెట్టింది. ఏడిస్తే తమ్ముడు లోపలికి పంపేస్తాడు. ఏడవకపోతే ఏసీ అంటారు. ఆవిడ పెదవి కొరుక్కుని మధ్యస్థంగా నిలబడింది. అందరూ ఆవిడ ముఖాన్నే చూస్తుంటే, ఎవరూ కొలవని పట్టాభిరామయ్య బావురుమని, అబ్బులు పరిచిన వైర్ల మీద కూలిపోయాడు. "నీళ్ళు, నీళ్ళు!" అంటూ వరహాలమ్మ తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని కొంగుతో విసిరింది. ముహూర్తం దాటిపోతుందని మగపెళ్ళివారు తొందరపడి హైమను కారెక్కించారు. ఆవిడ తలెత్తేసరికి వాకిట్లో చక్రాల కింద నలిగిన నిమ్మకాయ ఒక్కటే ఉంది.

హాలు ఖాళీ అయ్యాక వరహాలమ్మ అబ్బులు దగ్గరకు వచ్చింది. చెమటకు నుదుటి బొట్టు కరిగిపోయింది.

"కారు కదలడం నేను చూళ్ళేదు నాయనా. అది చూపించు."

"అసలుది ఇంకా మిషన్లోకి ఎక్కించలేదండీ. ట్రయలుదే ఉందండీ."

"అదే పెట్టు."

పెట్టాడు. ఈసారి ఆవిడ గుండె నాకు అడ్డం లేకుండా కనబడింది. దానికి తగిన పేరు కూడా పెట్టాను. కానీ తెరను అప్పటికే ఊడదీసి లారీ ఎక్కించేశారు.

లోపల హైమ అడుగుతోంది: "అత్తా, ఇలా నిలబడనా?"

"కాస్త వెలుగులోకి రావే, అమ్ములూ," అంది వరహాలమ్మ, ఖాళీ కుర్చీల మధ్య చెయ్యి చాచి.

హైమ కారెక్కింది. వంటమేస్త్రీ గరిటతో ఎక్కాడు. తలుపు పడింది. కారు అక్కడే ఉంది. చాలాసేపు అక్కడే ఉంది.

"ఎప్పుడు కదులుతుందోయ్?"

అబ్బులు చుడుతున్న వైరు ఆపాడు. "కదలదండీ. ఆ రోజు డ్రైవరు టిఫినుకెళ్ళాడండీ."

"పోనీలే," అంది వరహాలమ్మ, నన్ను ముఖానికి ఇంకాస్త అదుముకుని. "నిదానంగా తిననీ."