ఏడో వాక్యం

“నీకేం, చల్లటి గదిలో కూర్చుని వాళ్లన్నది రాసుకోవడమేగా! అదీ ఒక పనేనా?” అన్నాడు మొగుడు, ఆమె ఇస్త్రీ చేసిచ్చిన చొక్కాలోకి చేతులు దూరుస్తూ. అత్తగారికి మాత్రలిచ్చి, కూతురికి డబ్బా కట్టి, గిన్నెలు కడిగాక గానీ ఆమె గుమ్మం దాటలేదు. పద్దెనిమిదేళ్లుగా ఆ ఇంట్లో ఆమె మాట గాలికి పోయేదే.

విదేశాంగ శాఖ సమావేశాల్లో ఎవరేమన్నారో రాసుకోవడం ఆమె పని. పొరుగుదేశాల సరిహద్దు కొండల్లో తొమ్మిదేళ్లుగా సాగుతున్న యుద్ధం మీద అంతర్జాతీయ సదస్సు ఎలా జరపాలా అని ఇరుపక్షాల రాయబారులూ మూడు రోజులుగా తర్జనభర్జన పడుతున్నారు. ఎవరు ముందు లోపలికి రావాలి, ఎవరి జెండా ఎంత ఎత్తు! అబ్బబ్బ, చంటిపిల్లల తగువులు నయం. ఈ సంప్రదింపులకు ఒక కట్టుబాటుంది. చివరిరోజు ఆమె తన రాత పైకి చదువుతుంది. విన్నాక ఎవరూ కాదనకపోతే అది ఒప్పందం. చదవనిది అసలు అననట్టే లెక్క.

నిన్న సాయంత్రం ఆ కొండ ఊళ్ల నుంచి ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు, సదస్సులో తమకో కుర్చీ కావాలని. వాళ్లలో పెద్దావిడ కంట తడి పెట్టలేదు. “తప్పిపోయినవాళ్లని వెతికేది మేం. దొరికితే పూడ్చిపెట్టేదీ మేమే. మాట్లాడేది మాత్రం మీరా?” అంది. రాయబారులిద్దరూ తలలు దించుకుని సరేనన్నారు. ఆమె రాసుకుంది.

ఈ ఉదయం శాఖ డైరెక్టరు ఆ వాక్యం మీద పెన్సిలుతో గీత గీశాడు. “ఇది వదిలెయ్యమ్మా. ఏదో మొహమాటానికి అన్నారు. తేనెతుట్టె కదపడమెందుకు? అన్నట్టు, కాఫీలు కాస్త నువ్వే చూడు, బయటివాళ్లని రానివ్వకూడదు.”

కాఫీలు పోసింది. పోస్తూనే లోపల ఉడికిపోయింది. పై చదువుకి వెళ్తానంటే మొగుడు ‘అలాగే’ అన్నాడు. ఏడాది తిరిగాక ‘నేనెప్పుడన్నాను?’ అన్నాడు. రెండో కాన్పు తన వల్ల కాదని అత్తగారి ముందే ఏడిస్తే, ఆనక ‘మాతో ఒక్కమాటైనా అన్నావా?’ అని ఆవిడే నలుగురిలో నిలదీసింది. అన్న మాటని అననట్టు చెయ్యడం ఎలాగో ఆమెకి తెలియనిదా! ఇంట్లో తనకి జరిగిందే ఇక్కడ జీతం తీసుకుని ఆ ఆడవాళ్లకి చేస్తోంది. ఎన్ని వాక్యాలిలా వదిలేసిందో. సిగ్గుతో చచ్చిపోయింది. ఉద్యోగం పోతే ఇంట్లో నవ్వుతారు. నవ్వనీ.

మధ్యాహ్నం మూడింటికి, చివరి సమావేశంలో లేచి నిలబడి చదవడం మొదలుపెట్టింది. ఆరో వాక్యం అవగానే డైరెక్టరు కాగితం తిప్పమన్నట్టు వేలు ఊపాడు. ఆమె చూసింది. తిప్పలేదు.

“ఏడు. తప్పిపోయినవారి కుటుంబాల స్త్రీలకు సదస్సులో ఒక స్థానం. ఉభయపక్షాలూ నిన్న సాయంత్రం అంగీకరించాయి.”

కాదన్న చెడ్డపేరు ముందు ఎవరు మోస్తారా అని రాయబారులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“అమ్మా, అది...” అని డైరెక్టరు సగం లేచాడు.

“ఉభయపక్షాలనీ అడుగుతున్నాను సార్. అభ్యంతరం ఉందా?”

కాగితం దించకుండా నిలబడింది. ఎవరూ నోరు మెదపలేదు.

ఎనిమిదో వాక్యం చదివింది.