నడిచొచ్చిన హద్దురాయి

కంపెనీ వాళ్ళు ముందు కంప నాటారు. కంప వెనకే గోడకు పునాది తవ్వారు. గోడ వాళ్ళది, గోడు మా బావ నాగన్నది. ఎందుకంటే చిక్కసూగూరు పక్కన ఆయన చేనుకు ఉన్నది ఒకటే బావి. పునాది ఆ బావికి ఇవతల, మా వైపు పడింది. బావి పోతే చేను పోయినట్టే.

అర్జీల మీద అర్జీలు పెడితే సర్వే చేయిస్తామన్నారు. సర్వే అంటే సర్వం పోవడమని అప్పటికి నాకు తెలియదు. నా గొంతు పెద్దదని బావ నన్ను రాయచూరు నుంచి వెంటబెట్టుకుపోయాడు.

సర్వేయర్ బసవలింగప్ప జీపు ముందు నక్షా పరిచి అడిగాడు. "ఈ మూలకు బాందుకల్లు ఉండాల. యాడుంది?"

ఆ రాయి వేప చెట్టు కింద ఉంది. ఒంటినిండా పసుపు, నడుముకు రవికె గుడ్డ. హద్దురాయి అని ఎవరంటారు? ఊరికంతా అమ్మవారు.

మా వైపు చలికాలపు అమావాస్యకు, ఎళ్ళమాసనాడు, చేనుకు సీమంతం చేస్తారు. సజ్జరొట్టెలు, పుంటికూర వండి, చేలో ఒక రాయికి మొక్కి, ఆ వంటలు పైరు మీద చల్లుతారు. నల్లరేగడిలో రాయి దొరకడమే కష్టం. నిలబడి ఉన్నది బాందుకల్లు ఒక్కటే. నాగన్న తల్లి కరియమ్మ ఏటా దానికే పూజ చేసేది. ఒక ఏడు, అంచున ఉంటే పక్క చేని పశువులు తొక్కుతున్నాయని, మొగుడితో పీకించి బావి దాటించి ఇవతల వేప కింద పాతించింది. అడిగినవాళ్ళకు మాత్రం, అమ్మవారే నడిచొచ్చిందని చెప్పింది.

బసవలింగప్ప గోటితో పసుపు గీకాడు. రాతి నెత్తిన సర్కారు చెక్కిన కూడిక గుర్తు బయటపడింది. బడిలో నేర్పిన కూడిక మాకు తీసివేత అయింది.

"ఇదే మూల. గోడ సరిగ్గనే పోతాంది."

"అది మేం జరిపింది సార్!" అన్నాడు నాగన్న.

"బాందుకల్లు జరిపితే కేసయితది నాగన్నా. రాసుకోమంటవా?"

"మరి తక్కిన రాళ్ళేవి? వాటి నుంచి కొలువుండ్రి!" అని అరిచాను.

కంపెనీ ఆఫీసరు కిషోర్ నవ్వాడు. "సైట్ చదును చేసినప్పుడు పోయుంటాయండీ."

వాళ్ళు తీస్తే చదును. మేం తీస్తే నేరం.

కరియమ్మ ముందుకొచ్చింది. "నా కొడుకును అనకుండ్రి. నేనే జరిపిచ్చిన. కేసు నా మీద రాయుండ్రి, బాయి మాకియ్యుండ్రి."

"సాక్షి ఎవరు?" అన్నాడు బసవలింగప్ప.

ఊరివాళ్ళు ముఖాలు చూసుకున్నారు. పక్క చేని నింగవ్వ నోరు నొక్కుకుంది. "అట్లంటవేందే కరియమ్మా? తనే నడ్సొచ్చిందని నువ్వే చెప్తివి గద! నా పిల్ల పురుడుకు మొక్కుకుంటి. ఇప్పుడు అబద్ధమంటే ఆయమ్మ ఊకుంటదా?"

 

నాగన్న సర్వే కాగితం మీద వేలిముద్ర వేశాడు. కిషోర్ చాలా మర్యాదస్తుడు. అమ్మవారికి అపచారం జరగకుండా గోడలోనే గూడు కట్టించి, తెల్ల టైల్స్ వేయించాడు. దేవతకు గూడు దొరికింది. మాకు మిగిలింది బూడిద. అది కంపెనీ చిమ్నీ నుంచి రోజూ ఉచితమే.

మరుసటి ఎళ్ళమాసకు చేలో పైరు లేదు. అయినా కరియమ్మ వండింది. రాయిని కడగడానికి నీళ్ళు నేను రాయచూరు నుంచి సీసాలో తెచ్చాను. గోడ అవతల మా బావి మీద వాళ్ళ మోటారు గుయ్యిమంటోంది. ఏదో జోకు వేద్దామని నోరు తెరిచాను. ఆ మోత ముందు నా పెద్ద గొంతు చిన్నదైపోయింది.

ఆమె నీళ్ళు పొయ్యలేదు. రొట్టె చల్లలేదు. గూటి ముందు నిలబడి, చిన్నపిల్లను గదమాయించినట్టు అంది.

"నడ్సొచ్చినవంట గద. ఇప్పుడు వాపసు నడువు."

 తట్టలో సజ్జరొట్టెల మీద బూడిద పడుతూనే ఉంది.

"నడువే," అంది మళ్ళీ, ఈసారి మెల్లగా.