పొట్ట ఉబ్బిన చేప

అయిదో బొచ్చె చేప తల తెగిపడేసరికి ఉదయం ఏడయింది. ఖాజాబీ కత్తిపీట మీద కూర్చునే తీరు ఇరవై రెండేళ్లుగా మారలేదు. కుడికాలితో పీటను అదిమిపెట్టి, ఎడమకాలు ముడిచి, రెండు చేతులతో చేపను కత్తికి ఎదురు నెడుతుంది. వేళ్ల సందుల్లో పొలుసులు అతుక్కుని అక్కడే ఎండిపోతాయి. తిరుపతి చేపల మార్కెట్టులో అమ్మేవాళ్లు వేరు, కోసిచ్చేవాళ్లు వేరు. ఖాజాబీ కోసిచ్చే మనిషి. అయినా మొప్ప ఎత్తి చూడకుండా ఏ చేపనూ కత్తికి పెట్టదు. మొప్ప ఎర్రగా లేకపోయినా, పొట్ట ఉబ్బినా మొహం మీదే వెనక్కిచ్చేస్తుంది.

"ఇది కుళ్లిపోయిందప్పా. బిడ్డలు తినే తిండి. నేను కొయ్యను" అంది ఇవాళ కూడా ఒకాయనతో.

పక్కపీట సిద్ధమ్మ నవ్వింది. "అమ్మినాయన గమ్మునుండాడు, కొన్నాయన గమ్మునుండాడు. నడాన నీకేం వచ్చె? డాక్టరమ్మ మాదిరి పొట్టలు నొక్కి సూస్తాండావు."

"సూడకుండా కోసిస్తే, రేపు ఎవురికన్నా ఏమన్నా అయితే?"

"ఎవురికో ఒకరికి ఏమో ఒకటి అయిపోతాదనేదే కదా నీ యవ్వారం!"

సిద్ధమ్మ అన్నది నిజమే. బస్సు ఎక్కితే బ్రేకులు పడవేమోనని, వాన వస్తే గోడ కూలుతుందేమోనని ఖాజాబీకి భయం. భర్త పీరా సాహెబ్ ఉన్నప్పుడు, "నువ్వు భయపడినవన్నీ జరిగుంటే ఈ జిల్లానే ఉండేది కాదు" అని ఎగతాళి చేసేవాడు. తడ దగ్గర చేపల లారీ బోల్తాపడి ఆయన పోయినరోజు మాత్రం ఆమెకు ఏ భయమూ కలగలేదు. పొద్దుటి నుంచీ హాయిగా పాత చీరలు ఉతుక్కుంది. అప్పటి నుంచి భయం లేకుండా ఒక గంట గడిచిందంటే ఖాజాబీకి అనుమానమే.

పదింటికి పీట కడిగి బోర్లించింది. చింతపండు, ఉప్పు వేసి చేతులు రుద్దుకుంది. చంద్రగిరిలో ఇంటి నుంచి ఆస్పత్రికి బస్సులో వస్తున్న కూతురికి ఈలోపల నాలుగుసార్లు ఫోన్ చేసింది. నాలుగోసారి రుహీ ఫోన్ ఎత్తి, "బతికే ఉండానమ్మీ, పెట్టేయ్" అంది.

రుహీకి ఇరవై ఏళ్లు. డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా కాళ్లు వాచాయి, తర్వాత మొహం వాచింది. రెండు కిడ్నీలూ పోయాయన్నారు. తనది ఒకటి తీసి పెట్టమని ఖాజాబీ డాక్టరు ముందు చెయ్యి చాపి నిలబడింది, ఆ చేతిలోనే ఉన్నట్టు. పరీక్షలు చేసి సరిపడదన్నారు. సరిపడేది దొరికేదాకా వారానికి మూడురోజులు, రోజుకు నాలుగు గంటలు, రక్తమంతా గొట్టంలో బయటికి వెళ్లి మిషన్లో శుభ్రపడి మళ్లీ ఒంట్లోకి రావాలి. ఆ గొట్టంలో ఎర్రటి రక్తం కదులుతున్నంతసేపూ ఖాజాబీ చూపు దాని మీదే ఉంటుంది. కదలిక ఆగితే ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు, అయినా చూస్తుంది. తల్లీకూతుళ్లు ఇంట్లో ఉర్దూలో మాట్లాడుకుంటారు కానీ ఆ డయాలసిస్ వార్డులో తెలుగే. పక్క మంచాలవాళ్లు తమ గురించి ఏదో దాస్తున్నారనుకుంటారేమోనని ఖాజాబీ పెట్టిన నియమం అది.

మిషన్ చూసే మునిప్రసాద్ రుహీ ఎడమచేతికి రెండు సూదులు గుచ్చి, టేపు వేసి, "చెయ్యి కదిలించొద్దు పాపా" అని వెళ్లాడు. రుహీ కుడిచేత్తో ఫోన్ తీసి తల్లి చేతిలో పెట్టింది.

"పడవ తియ్యమ్మీ."

అది ఫోన్లో ఆడే చేపల ఆట. ఒంటిచేత్తో ఆడడం కుదరదు కాబట్టి మూడునెలలుగా రుహీ చెబుతుంది, ఖాజాబీ బొటనవేళ్లు ఆడిస్తుంది. బూడిదరంగు సముద్రం, చిన్న పడవ. పగలు చేపలు పట్టుకోవాలి. పొద్దు గూకేలోపల రేవు చేరకపోతే పొగమంచు కమ్ముతుంది, నీళ్ల కింద నుంచి ఏదో లేచి పడవను నమిలేస్తుంది. ఖాజాబీకి మాత్రం పొద్దు నడినెత్తిన ఉండగానే రేవు చేరాలి. వార్డంతా ఉలిక్కిపడేలా ఆమె రెండుసార్లు కేకపెట్టిందని మునిప్రసాద్ నవ్వుతుంటాడు.

ఆ రేవులో ఒక ముసలామె ఉంటుంది. లాంతరు పట్టుకుని గట్టు మీద కూర్చుని, పడవ వచ్చిన ప్రతిసారీ ఒకే మాట అడుగుతుంది. ఇంగ్లీషులో పడే ఆ మాటను మొదటిరోజు రుహీ తెలుగులో చెప్పింది. "నా కొడుకు పడవ మీకు యాడన్నా కనిపించిందా అంటాంది." ఆ తర్వాత చెప్పాల్సిన అవసరం రాలేదు. లాంతరు కనబడగానే ఖాజాబీయే, "లేదమ్మా, కనబడలా" అని ఫోనుకు జవాబు చెప్పేది.

"ఈ ముసలామె కత ముందుకే పోలేదమ్మీ. అందురూ ముగించేసినారంట. మనమే ఈడ్నే ఉండాము."

"పోకుంటే పోనీలే."

వల పైకి వచ్చింది. రెండు మంచి చేపలు, ఒకటి తెల్లబడిన కళ్లతో, పొట్ట ఉబ్బి. ఖాజాబీ వేలు అలవాటుగా కదిలి మూడోదాన్ని నీళ్లలోకి విసిరేసింది.

రుహీ తల ఎత్తింది. "ఏమది? ఏం పారేసినావు?"

"కుళ్లింది. పొట్ట సూళ్లేదా?"

"అమ్మీ! ఎన్నిదినాలుగా పారేస్తాండావు?"

"మొదుట్నించీ. ఎవురికన్నా అమ్మేదానికొస్తాదా అది?"

రుహీ నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక దిండులో మొహం దాచుకుంది. మిషన్ బీప్‌మంది. ఖాజాబీ బెదిరిపోయి ఆమె భుజం పట్టుకుంది.

"అట్టాంటి చేప ఇంకా పడలేదనుకుంటాండానే! దాని కడుపులోనే కదమ్మీ గుర్తు ఉండేది! దాన్ని కొయ్యాల. మూడునెల్లుగా ఆ ముసలామె బిడ్డ ఆనవాలును మళ్లా మళ్లా నువ్వే నీళ్లలో ఏస్తాండావు!"

ఖాజాబీ పడవను వెనక్కి తిప్పింది. మళ్లీ వల వేసింది. నాలుగోసారికి ఆ చేప పడింది. రుహీ చూపించినచోట నొక్కితే పొట్ట తెరుచుకుంది. లోపల ఒక ఈల ఉంది, పిల్లలు మెడలో వేసుకునేలాంటిది.

రేవులో ముసలామె ఈల తీసుకుంది. ఏడవలేదు. ఏమీ అడగలేదు. లాంతరు ఊది ఆర్పి, ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఆటలో మర్నాడు తెల్లారింది. గట్టు మీద ఎవరూ లేరు.

"ఎందుకిచ్చినాము రుహీ?" ఖాజాబీ ఖాళీ గట్టును వేలితో తడిమింది. "ఇయ్యకుంటే దీపం పెట్టుకోని కూసోనుండునే."

"ఎన్నేండ్లని కూసుంటాది? నిద్రపోనీ." రుహీ కళ్లు మూసుకుంది. "నువ్వుగూడా రాత్రిళ్లు నా ముక్కు కాడ వేలు పెట్టి సూసేది మానుకో."

"నువ్వు నిద్రపోతా ఉంటివే!"

"లేదు. నేను లేసినానని తెలిస్తే నువ్వు బాధపడతావని గమ్మునుంటి. ఊపిరి గెట్టిగా ఇడిస్తే నువ్వు పోయి పడుకుంటావు."

ఖాజాబీ ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. కొంగుతో కూతురి నుదురు తుడిచింది. చెమట చల్లగా ఉంది.

"సలేస్తాందమ్మీ. కొంచేపు పడుకుంటా. పడవ రేవులోనే పెట్టు."

ఖాజాబీ పడవను కట్టేసి తల ఎత్తేసరికి మిషన్ మీద ఎర్రలైటు వెలిగి ఉంది. మునిప్రసాద్ పరుగున వచ్చాడు. ఇద్దరు నర్సులు వచ్చారు, డాక్టరు వచ్చాడు. మంచం చుట్టూ ఆకుపచ్చ తెర లాగి, ఖాజాబీని బయట బల్ల మీద కూర్చోబెట్టారు. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. నాలుగింటికి తెర తీశారు. సూదులు పీకేసిన చోట దూది పెట్టి ఉంది. రుహీ మొహం మీద వాపు కొంచెం తగ్గినట్టు కనబడింది. ఖాజాబీ ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది, ఊపిరి తగల్లేదు.

మునిప్రసాద్ మంచం పక్కనున్న సంచి తీసి ఖాజాబీ చేతుల్లో పెట్టాడు. లోపల దుప్పటి, దాని కింద ఒక చిన్న సీసా. రోజుకు అరలీటరుకు మించి నీళ్లు తాగకూడదన్నారు కాబట్టి ఏ పూటకు ఎంతో రుహీయే పెన్నుతో గీతలు గీసుకుంది. పగటి నీళ్లు తాగేసి, సాయంత్రం గీత దగ్గర ఆగింది. ఆ గీత కింద నాలుగు గుక్కల నీళ్లు, సంచి కదిలినప్పుడల్లా కదులుతూ.