మిషను పాలు

దాసప్ప ఫోన్ చేసినప్పుడు నేను పుంగనూరులో ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను.

"టీచరమ్మా, మీరొకసారి మదనపల్లెకి రావాల. వీణమ్మ మిషను తొట్టి కడగనీలేదు. మీ మాటైతే ఇంటాది."

నా తమ్ముడు హేమంత్ వేసవిలో పోయాడు. అప్పటినుంచి వాడి వర్క్‌షాపును భార్య వీణ నడుపుతోంది. ఒక పంపుల కంపెనీకి అల్యూమినియం ముక్కలు కోసి ఇస్తారు. పాత మేస్త్రీ దాసప్పే పెద్దదిక్కు. కోసేటప్పుడు మిషను కింది తొట్టిలోంచి తెల్లటి నీళ్ళు టూల్ మీద ధారగా పడుతుంటాయి. నీళ్ళలో కలిపిన నూనె, ఆ నూనెలో జారుడు కోసం ఏవో మందులు. హేమంత్ మాత్రం వాటిని పాలు అనేవాడు.

కుప్పంలో నాకు మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు వాడు నా దగ్గరే ఉండి ఐటీఐ చదివాడు. మొదటిరోజు సాయంత్రం చెప్పులు విప్పకుండానే, "అక్కా, ఆడ ఇనుముకి పాలు పోస్తాండారు," అన్నాడు. ఆ వాసన వాడి చొక్కాలను వదిలేది కాదు. వాటికి వేరే బకెట్ పెట్టాను. ఆదివారాలు రైల్వే స్టేషన్ దాకా నడిచి టీ తాగేవాళ్ళం. దారంతా మిషన్ల సంగతులే చెప్పేవాడు. సగం అర్థమయ్యేవి కావు. అయినా వినేదాన్ని.

సెలవురోజు చూసుకుని బస్సెక్కాను. షెడ్డులో అడుగుపెట్టగానే కుళ్ళిన గుడ్ల వాసన. దాసప్ప ఒక ముక్క నా చేతిలో పెట్టాడు. నున్నగా ఉండవలసిన చోట గీతలు.

"అల్యూమినియం టూల్‌కి అతుక్కుంటాండాది టీచరమ్మా. మందులో జారుడు సచ్చిపోయింది. మొన్న సరుకంతా తిప్పి పంపించినారు. ఇంకోసారైతే ఆర్డరే ఉండదు."

"దాసప్పకి కొత్త నూనె డబ్బా మీద ఆశ వదినా," అంది వీణ.

"నా ఆశ కాదమ్మా, మా ఇంటామెది. ఈ కంపుతో లోపలికి రావద్దంటాది. వాకిట్లో పండుకుంటాండాను."

వీణ నవ్వలేదు. అతను టీకి వెళ్ళాక మెల్లగా చెప్పింది.

"ఆ తొట్టిలోది ఆయన కలిపింది వదినా. తగ్గినప్పుడల్లా కొంచెం కొంచెం పోస్తా ఉండాం, పెరుగు తోడు మాదిరి. అంతా ఎప్పుడూ తీయలేదు."

నేను చెప్పవలసిన మాటలు బస్సులో సరిచూసుకుని వచ్చాను. ఒక్కటీ పనికిరాలేదు. తొట్టిలోకి చూశాను. బూడిదరంగు నీళ్ళు, పైన నూనె తెట్టు. ఇందులో ఎక్కడో వాడు కలిపింది ఇంకా ఉంది. నాకూ పారబోయ బుద్ధి కాలేదు.

దాసప్ప తిరిగొచ్చాక వీణే అడిగింది. "అడుగున రవ్వంత ఉంచి, పైన కొత్తది పోస్తే?"

"పెరుక్కైతే సరే. ఇది ఒక చెంబుడు మిగిలినా కొత్తదాన్ని గూడా కుళ్ళబెడతాదమ్మా."

"మీరు చెప్పండి వదినా."

ఉంచమంటే ఉంచేది. అది నాకు తెలుసు.

"కడుగుదాం వీణా," అన్నాను. "అంతా."

ఆమె కాసేపు మిషను మీద చెయ్యి ఆనించి నిలబడింది. తర్వాత చీర కొంగు దోపుకుంది.

కాలవలో వదలకూడదని పాతదంతా డ్రమ్ముల్లోకి తోడాం. అడుగున పేరుకున్న అల్యూమినియం పొట్టును వీణే గీకింది. ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు.

"ఇన్నాళ్ళూ హేమంతప్పే కలిపినాడు. ఇప్పుడెవురు?" అన్నాడు దాసప్ప కొత్త డబ్బా మూత తీస్తూ.

"ముందు నీళ్ళా, నూనెనా?" అని అడిగింది వీణ.

"నీళ్ళు. నూనె సన్నగా పోస్తా, తిప్పతా ఉండాల."

ఆమె పోసింది. నేను కర్ర తిప్పాను. తొట్టి తెల్లబడింది.

దాసప్ప మిషను వేశాడు. మొదటి ముక్క బయటికొచ్చింది. వీణ దాని మీద బొటనవేలు రాసి, వెలుతురుకి పట్టి చాలాసేపు చూసింది. తర్వాత ధారలో రెండు వేళ్ళు పెట్టి రుద్దుకుంది.

"పలచనైంది," అంది. "ఇంకొంచెం నూనె పోస్తాను."

దాసప్ప డబ్బా ఆమె చేతికిచ్చాడు.