పదమూడు మెట్లు

సలూద్ కాఫీ గిన్నె దించుతూ చెవి మెట్ల వైపే పెట్టింది. ఇల్లు చూడటానికి వచ్చిన వాళ్లలో ఇది ఆరో జట్టు. ముందొచ్చిన వాళ్లందరూ కింది గోడల మీద నడుమెత్తున ఉన్న నీటి చారలు చూసి, మర్యాదకి కాసేపు నిలబడి వెళ్లిపోయారు. ఈసారి వచ్చిన ఇలారియో ఆ చారల్ని చేత్తో తడిమి, మా వీధిలో సముద్రపు పోటు నీళ్లు ఇంతకన్నా పైకొస్తాయని నవ్వాడు. అతనిదీ ఈ మలబోన్ ఊరే, రెండు వంతెనల అవతల బేకరీ. పొయ్యి ఎత్తు మీద కట్టుకుని పైన కాపురం పెడతానని, పెరడు సరిపోతుందని, పై అంతస్తు చెక్క ఇంకా ఇనుములా ఉందని తనలో తానే అనుకుంటూ తిరుగుతున్నాడు.

అతని ముఖం వెలుగుతున్న కొద్దీ సలూద్‌కి దిగులు పెరిగింది.

ఇల్లు అమ్ముడైతే చెల్లెలు ఫెలీసా లీపాలో ఉన్న కూతురి దగ్గరికి పోతుంది. అక్కడ గాలి పొడిగా ఉంటుంది. ఆ ఇంట్లో ఇంకొక్క మంచానికే చోటుంది. సలూద్ ఇక్కడే మార్కెట్ వెనక ఒక గది చూసుకుంటుంది. ఆమె కుట్టుమిషను, గౌన్లు కుట్టించుకునే ఆడవాళ్లు అంతా ఇక్కడే. ఫెలీసా పుట్టిన నాటి నుంచి, అరవై ఆరేళ్లుగా, ఇద్దరూ ఒకే కప్పు కింద ఉన్నారు. ఫెలీసాకి పెళ్లైనా భర్త దోరోయే ఇక్కడికి వచ్చాడు తప్ప ఆమె గడప దాటలేదు. ఈ చెమ్మ ఆమె ఊపిరితిత్తులకి విషమని డాక్టరు చెప్పాక, అమ్మేద్దామన్న మాట ముందుగా అన్నది సలూదే. అన్న రోజు నుంచీ ఎవరూ కొనకుండా చూడమని మేరీమాత పటం ముందు వేడుకునేది. అలా వేడుకున్నందుకు క్షమించమని వెంటనే మళ్లీ వేడుకునేది.

ఇలారియో తల్లి బసీలియాకి ఎనభై దాటాయి. ఆమె గోడలు చూడలేదు, కప్పు చూడలేదు. చేతికర్రతో ఒక్కో మెట్టునీ తడుతూ పైకొచ్చింది.

"బంగారం. వెండి. చావు. బంగారం. వెండి. చావు."

ఆ ఊళ్లో ఇల్లు కొనే వాళ్లెవరైనా ఇలాగే లెక్కపెడతారు. చివరి మెట్టు బంగారమైతే మేలు, వెండైనా పరవాలేదు. సలూద్ కాఫీ కప్పు పట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చింది. కర్ర చివరి మెట్టు మీద ఆగింది.

"పన్నెండు," అంది బసీలియా. "చావు. ఏమ్మా, ఈ మెట్లు కట్టినవాడు మీ నాన్నకి పగవాడా?"

ఇలారియో బతిమాలాడు. బేకరీకి కావాల్సింది పొయ్యి గానీ మెట్లు కాదన్నాడు.

"రేపు నిన్ను మోసుకుని దించేది పొయ్యిలోంచి కాదురా, ఈ మెట్ల మీదుగానే. పద."

సలూద్ నోరు మెదపకుండా నిలబడితే చాలు. వాళ్లు వెళ్లిపోతారు. ఈ మాట బజారంతా పాకుతుంది. ఇక ఎవరూ రారు. రేపు పొద్దున్న కూడా ఫెలీసా ఎదురుగా కూర్చుని వెల్లుల్లి అన్నం తింటుంది. పదిహేనేళ్లుగా గుండెల్లో దాచుకున్న భయమే ఈ పూట తన పక్షాన వచ్చి నిలబడినట్టనిపించింది.

లోపలి గదిలో దగ్గు మొదలైంది. పాత గుడ్డ చింపుతున్నట్టుండే ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. సలూద్ దాన్ని లెక్కపెట్టడం అలవాటు చేసుకుంది. నిరుడు వానల్లో పది లోపే ఆగేది. ఈసారి ఇరవై దాటాక లెక్క మానేసింది.

కప్పు కింద పెట్టింది.

"పన్నెండు కాదు పెద్దమ్మా, పదమూడు. ఒకటి నేల కింద ఉంది. పూడ్పించింది నేనే."

తల్లీకొడుకులిద్దరూ ఆమె వైపు తిరిగారు. సలూద్ నేలను చూస్తూనే చెప్పింది. పదిహేనేళ్ల కింద రోడ్డు ఎత్తు చేసినప్పుడు ఇల్లు గుంటలో పడింది. వీధిలో అందరూ రాళ్లూ సిమెంటూ పోసి కింది గదులు ఎత్తు చేయించారు. అప్పుడు ఫెలీసా కూతురి పురిటికని లీపా వెళ్లింది. మొదటి మెట్టు మునిగిపోతుందని మేస్త్రీ అడిగితే, ఒక్క మెట్టేగా, పోనీ అంది సలూద్. మరుసటి వానాకాలంలో దోరో పోయాడు. శవపేటిక దించుతుంటే ఆమె మెట్లు లెక్కపెట్టింది. పన్నెండు. ఆ సంగతి అప్పటి నుంచి ఎవరికీ చెప్పలేదు.

"నాకు తెలుసక్కా."

ఫెలీసా గది తలుపు పట్టుకుని నిలబడింది. ఊపిరి అందాక మళ్లీ మాట్లాడింది.

"లీపా నుంచి వచ్చిన రోజే నా కాలికి తెలిసింది. నువ్వు చెప్తావేమో అని చూశాను. చెప్పలేదు. సరేలే అని నేలనే మొదటి మెట్టు చేసుకున్నాను. కింద ఒక అడుగు గట్టిగా వేసి బంగారం అనుకుని ఎక్కుతున్నాను, ఇన్నేళ్లూ."

రోజూ మెట్ల మొదట్లో వినిపించే ఆ అడుగు చప్పుడు సలూద్‌కి గుర్తుంది. చెప్పుల బురద దులుపుకుంటోందని అనుకునేది.

"మరి దోరో..."

"దోరోని తీసుకుపోయింది దోమ జ్వరం. మెట్టు కాదు." ఫెలీసా బసీలియా వైపు తిరిగింది. "మీవాణ్ణి తవ్వి చూసుకోమనండి పెద్దమ్మా. మా నాన్న లెక్క తప్పే మనిషి కాదు."

ఇలారియో గునపంతో మెట్ల మొదట్లో సిమెంటు పగలగొట్టాడు. బెత్తెడు లోతున నల్లటి రాయి కనిపించింది. దాని అంచు మధ్యలో అరిగి, గిన్నెలా పల్లమైంది. చిన్నప్పుడు ఈ అక్కాచెల్లెళ్లు వాన రోజుల్లో దాని మీదే కూర్చుని కాగితం పడవలు వదిలేవారు. బసీలియా కొడుకు చెయ్యి పట్టుకుని గుంటలోకి దిగి, అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టింది. పైకెక్కి బంగారం అంది. ఆ గుంట ఎప్పటికీ తెరిచే ఉంచాలని కొడుక్కి ఆజ్ఞాపించి, కాఫీ ఇంకా వేడిగా ఉందా అని అడిగింది.

నెల తిరక్కుండానే లీపా నుంచి అల్లుడు జీపు తెచ్చాడు. ఆ పొద్దున పోటు ఎక్కువగా ఉండి గుంటలోకి నీళ్లు ఊరాయి. ఫెలీసా ఒక్కో మెట్టూ దిగుతుంటే సలూద్ ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ లోలోపలే లెక్కపెడుతున్నారని ఇద్దరికీ తెలుసు. పన్నెండో మెట్టు దగ్గర ఫెలీసా ఆగింది.

"చెప్పులు తడుస్తాయే," అంది సలూద్. "పక్కనుంచి దాటెయ్."

"తడవనీ అక్కా."

ఫెలీసా నీళ్లలోకి కాలు పెట్టి, అరిగిన రాయిని వెతుక్కుని, దాని మీద రెండు కాళ్లతో నిలబడింది. సలూద్ కూడా చెప్పులు విప్పకుండానే పక్కన దిగింది. రాయి ఇద్దరికీ సరిపోయింది. బయట అల్లుడు హారన్ కొట్టేదాకా అలాగే నిలబడ్డారు.