చాటింపు పడకముందే

ఆ మంగళవారం తెల్లవారేసరికి ఆకాశం విరిగిన పాలలా ఉంది. కొండమీద ఒక్క మబ్బు మాత్రం కదలకుండా కూర్చుంది. వాన తెచ్చే మబ్బు కాదు, మే నెలలో ఉక్క పెంచిపోయే మబ్బు. రెడ్డిరాణి మిద్దెమీద బట్టలు ఆరేస్తూ గాలి ఉందేమోనని చూసింది. దండెం మీద చీర కొంగు కూడా కదలడం లేదు. గాలి ఆడని రోజు ఆమెకు ఊపిరి తొందరగా చిక్కుకుంటుంది.

"ఆరేస్తా ఉండావా, కొండను చూస్తా నిలబడినావా?" కింద నుంచి ఇందిర అత్త కేక. "కాఫీకి నీళ్లు పెట్టల్ల. పెద్దమనుషులు వచ్చే పొద్దయింది."

బకెట్లో ఉన్నవన్నీ మామవాళ్ల బట్టలు. తనవీ అమ్మవీ తర్వాత ఉతుక్కోవాలి, నీళ్లు మిగిలితే. సెలవులు ఇచ్చినప్పటి నుంచి ఇంటిపని మొత్తం ఆమె మీద పడింది. ఎవరూ చెయ్యమని చెప్పలేదు. వచ్చిన కొత్తలో అత్త ఒకసారి, "కూర్చోని తినేవాళ్లు ఇంకో ఇద్దరయినారు" అని పక్కింటామెతో అంది, అంతే. ఆ మర్నాటి నుంచి ఆ పిల్ల కూర్చోవడం మానేసింది.

బంగారుపాళ్యం పక్కన పల్లెలో నాయన గంగాధరాన్ని వదిలి, అమ్మ ప్రసన్న కూతుర్ని తీసుకుని తిరుపతిలో అన్న ఇంటికి వచ్చింది. రెడ్డిరాణి తొమ్మిదో తరగతి సగంలో బడి మారింది. కొత్త బడిలో హాజరు పిలిచిన మొదటిరోజే వెనక బెంచీ నుంచి, "రెడ్డిరాణంట! ఏ ఊరికి రాణివి మే?" అని నవ్వారు. ఆమె లేచి నిలబడింది కానీ "ఉన్నాను టీచర్" అనే మాట బయటికి రాలేదు. మొదట వేళ్ల చివర్లు చల్లబడ్డాయి. తర్వాత చేతులు తనవి కానట్టు మొద్దుబారాయి. గుండె చెవుల్లోకి వచ్చి కొట్టుకుంది. గాలి పీల్చేకొద్దీ చాలలేదు. టీచర్ నీళ్లు చల్లి ఇంటికి పంపింది. అప్పటి నుంచి అది వస్తూనే ఉంది, వంట చేస్తుంటే, చిల్లర అంగట్లో నిలబడితే, మామ కారు వాకిట్లో ఆగితే. ఏమయిందని ఎవరయినా అడిగితే అత్తే బదులు చెబుతుంది: "నాయన మీద బెంగమ్మా. ఇల్లు విడిచి వచ్చినప్పటి నుంచి ఇంతే." అందరూ అయ్యోపాపం అంటారు. ఆ అయ్యోపాపం వెళ్లి సూటిగా అమ్మకు తగులుతుంది.

అది ఇల్లు విడిచాక మొదలయింది కాదు. పల్లెలో ఉన్నప్పుడే, పొద్దుగూకి నాయన టీవీయస్ బండి వాకిట్లో ఆగి స్టాండు వేసిన చప్పుడు వినపడితే చాలు, ఆమె చెనక్కాయల గోతాల చాటున దూరి, నోటికి పావడ అడ్డం పెట్టుకునేది. లోపల దెబ్బల చప్పుడు. అమ్మ అరవదు, అరిస్తే ఇంకా కొడతాడని. గోతాల చాటున ఊపిరి ఆడని పిల్ల కూడా అరవదు. ఎప్పటి నుంచి అని ఒక్కరు అడిగి ఉంటే ఆమె చెప్పేది. అందరూ అది ఎందుకు వస్తుందో చెబుతున్నారు తప్ప, ఎప్పటి నుంచి అని అడగడం లేదు.

నిన్న సాయంత్రం అమ్మ పని నుంచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. బస్టాండు దగ్గర లాడ్జిలో దుప్పట్లు, దిండు గలేబులు ఉతికే పని. గుండు చేయించుకున్న యాత్రికుల తలల గంధం గలేబులకు అంటి ఒక పట్టాన వదలదు. అమ్మ వేళ్లు బ్లీచింగ్ పొడికి తెల్లగా పొట్టు లేచి ఉంటాయి. ఆ వేళ్లతో కూతురి తల నిమురుతూ, "పెద్దాసుపత్రిలో ఈ గుండెదడకు వేరే డాక్టరమ్మ ఉండాదంట. గురువారం లీవు అడిగినా, పోదాం" అంది. అటు నుంచి అత్త విని, "పిచ్చి డాక్టరు దగ్గిరికా? రేపు దానికి పెండ్లి గావల్ల మే" అంది. అమ్మ గొంతు తగ్గించింది. "రేపు మీ నాయన, పెంచలయ్య పెద్దాయన వస్తా ఉండారు. వాళ్ల ముందర నీకది వచ్చిందంటే నన్ను తీసకపోతారు రాణీ. ఒక్క పూట ఆపుకో తల్లీ. నీ కాళ్లు పట్టుకుంటా."

ఆపుకోవడం తెలిస్తే ఇన్నాళ్లు ఆపుకోక ఏం చేసింది? ఆ మాట అనలేదు. సరేనని తల ఊపింది. ఆ సరే అన్న దగ్గర్నుంచే వేళ్ల చివర్లు చల్లగా ఉన్నాయి.

కిందికి దిగేసరికి గడప పక్కన రెండు సంచులు సర్ది పెట్టి ఉన్నాయి. అమ్మవీ తనవీ. అత్తే సర్దింది.

"ఈ పొద్దే తేలిపోవల్ల" అంటోంది అత్త, మునిశేఖర్ మామతో. "రాత్రికి గంగమ్మ జాతర చాటింపు పడతాది. పడినాక ఊళ్లో ఉండేవాళ్లు పొలిమేర దాటకూడదు. మళ్లీ జాతర ముగిసిందాకా మనమే మేపల్ల."

మామ కొండకు యాత్రికులను తిప్పే కారు నడుపుతాడు. ఘాట్ రోడ్డులో గట్టిమనిషే కానీ ఇంట్లో గొంతు లేదు. "సరేలే, వాళ్లను రానీ" అన్నాడు.

వచ్చారు. గంగాధరం తెల్లపంచె, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నిమ్మళంగా, కూతురికి జాంగ్రీ పొట్లం తెచ్చాడు. అతనికి పెదనాయన వరసయ్యే పెంచలయ్య కుర్చీలో కూర్చుని పైగుడ్డ మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. వాళ్ల కులంలో మొగుడూ పెళ్లాల తగవు ఏదయినా ఆయన ముందుకే వస్తుంది. మొగుడి ఇంటికి పంపకుండా ఆయన ముగించిన తగవు ఒక్కటి కూడా లేదు.

"చెప్పమ్మా ప్రసన్నా. ఏం తక్కవ చేసినాడని వచ్చేస్తివి?"

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "కొట్టినాడు."

"చెయ్యి చేసుకోని మొగుడు యాడన్నా ఉంటే చూపీ, నేనూ చూస్తా."

"నాకు కుడి చెవి ఇనపడదు పెద్దాయనా."

"ఎడమది ఇనపడతాది గదా? దాంతో ఇను" అన్నాడు పెంచలయ్య.

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మామ కూడా నవ్వాడు, తర్వాత నేల చూశాడు. గంగాధరం నవ్వలేదు. అతను ఇట్లాంటి చోట్ల ఎప్పుడూ నవ్వడు. "ఏదో కోపంలో చెయ్యి తగిలింది పెదనాయనా, కాదనను. నా సంగతి వదిలెయ్, ఆ పిల్లను చూడు. ఎట్లుండే పిల్ల ఎట్లయిపోయె! ఊపిరాడక పడిపోతాందంట. తండ్రి నీడ లేని బిడ్డకు ఇంకేమవుతాది? ఈమె పంతానికి నా బిడ్డ బలి గావల్నా?" కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే తడి ఉంది.

లోపల కాఫీ గ్లాసులు పళ్లెంలో సర్దుతూ రెడ్డిరాణి అంతా విన్నది. తన జబ్బు ఇప్పుడు నడి ఇంట్లో ఉంది. అందరూ దాన్ని తలా ఒక చెయ్యి వేసి అమ్మవైపు తోస్తున్నారు. పెంచలయ్య పిలిచాడు: "పాపను రమ్మనండి. దాని నోటితోనే ఇందాం. ఈ బిడ్డకు జబ్బు మాట నిజమైతే ఇంక తగవే లేదు, సంచులు తీసుకోని లేవడమే."

ఆమె పళ్లెం పట్టుకుని వచ్చింది. మంగళవారమని తలంటుకున్న జుట్టు ఇంకా విరబోసే ఉంది. ఆపుకోవాలి. ఒక్క పూట. గాలి పీల్చకుండా ఉంటే గాలి చాలకపోవడం ఉండదనుకుని ఊపిరి బిగబట్టింది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి టకటకమన్నాయి. నాయన చెయ్యి చాపాడు. అందుకోవడానికే చాపాడు. ఆమెకు ఆ చెయ్యి ఒక్కటే కనిపించింది.

పళ్లెం జారి కాఫీ అంతా తెల్లపంచె మీద పడింది. బిగబట్టిన ఊపిరి గొంతు చీల్చుకుని హూ... హూ... అని పెద్ద చప్పుడుతో బయటికి వచ్చింది. ఒళ్లంతా ఊగిపోతోంది. మోకాళ్ల మీద కూలబడింది. తల అటూ ఇటూ కొట్టుకుంటుంటే జుట్టు మొహం మీద పడింది.

"నా తల్లే! గంగమ్మా!"

అత్త. రెండు చేతులూ ఎత్తి దండం పెడుతోంది. "చాటింపు పడకముందే వచ్చినావా తల్లీ! తప్పయింది, కాచుకో!" జాతరకని వాకిలికి కట్టిన వేపమండలు పీకి తెచ్చి చుట్టూ వేసింది. పసుపునీళ్లు చెంబుతో కాళ్ల మీద గుమ్మరించింది. మామ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. పెంచలయ్య కాళ్లకున్న చెప్పులు విడిచేశాడు.

"నాటకం" అన్నాడు గంగాధరం మెల్లగా.

"నాటకమయితే తేలిపోతాది. కర్పూరం తే." పెంచలయ్య ఆమె కుడి అరచెయ్యి తెరిచి, తమలపాకు కూడా వెయ్యకుండా బిళ్ల పెట్టి వెలిగించాడు. మంట లేచింది. ఆమె చెయ్యి తియ్యలేదు. అది వచ్చినప్పుడు చేతులు మొద్దుబారిపోతాయి. మంట వేరే ఎవరి చేతిలోనో వెలుగుతున్నట్టు చూస్తోంది. బడిలో టీచరుకు తెలియనిది, అంగట్లో జనానికి తెలియనిది, ఇక్కడ ఎవరికి తెలుస్తుంది?

పెంచలయ్య చేతులు జోడించాడు. గొంతు మారిపోయింది. "ఎందుకొచ్చినావు తల్లీ? నీకేం కావల్ల? నోరు తెరిచి చెప్పు. ఈ ఆడబిడ్డను పంపమంటావా, వద్దంటావా?"

నీకేం కావాలి. పదిహేనేళ్లు నిండబోతున్న ఆ పిల్లను ఇంతవరకూ ఎవరూ అడగని మాట అది. జుట్టు సందులోంచి చూసింది. నాటకమన్న నాయన ఇప్పుడు కాఫీ మరకల పంచెతో మోకాళ్ల మీద ఉన్నాడు. కళ్లలో భయం. ఆ భయం ఆమెకు బాగా తెలుసు, అద్దంలో చూసింది. వంటింటి గుమ్మంలో అమ్మ ఒక్కతే దండం పెట్టలేదు. దగ్గరికీ రాలేదు. కూతురి అరచేతిలో మంటను చూస్తూ, గుమ్మాన్ని పట్టుకుని నిలబడి ఉంది. రెడ్డిరాణి దగ్గర ఆ సమయంలో రెండు మాటలకు సరిపడా ఊపిరే ఉంది. నాకు భయం, అని చెప్పవచ్చు. అది నిజం. నిజం చెబితే సంచులు తీసుకుని లేవడమే.

"పంపద్దు" అంది. "ముట్టద్దు."

గొంతు గరగరమని ఎవరిదో అన్నట్టు వచ్చింది. గంగాధరం సాష్టాంగపడ్డాడు. అతని వేళ్లు ఆమె పాదాలకు తగిలి, వెంటనే వెనక్కి పోయాయి.

పెంచలయ్య పైగుడ్డ దులుపుకుని తీర్పు చెప్పాడు. "అమ్మ చెప్పినాక ఇంక మనదేముంది? లెయ్ అబ్బయ్యా. మళ్లీ ఈ గడప తొక్కొద్దు." ప్రసన్న చెవి చెప్పలేకపోయిన మాట గంగమ్మ చెప్పింది. పెంచలయ్యా గంగాధరమూ చాటింపు పడకముందే ఊరు దాటాలని మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయారు.

సంచులు అత్తే మళ్లీ లోపల పెట్టింది. పీట వేసి రెడ్డిరాణిని కూర్చోబెట్టి, ఏ పనీ ముట్టవద్దని చెప్పి, తానే పొయ్యి వెలిగించింది. అప్పటికే వీధిలో పాకింది. నిమ్మకాయలు పట్టుకుని ఇద్దరు ఆడవాళ్లు గడపలో నిలబడితే, "ఇప్పుడు అలిసిపోయిండాది. వచ్చే మంగళారం రండి. ప్రతి మంగళారం వస్తాదిలే" అని అత్త చెప్పి పంపింది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో ఒక కొత్త కళ ఉంది.

పెరట్లో కుళాయి కింద అమ్మ కూతురి చెయ్యి పట్టింది. అరచేతి మధ్యలో తోలు బొబ్బగా లేచింది. ఇప్పుడు మంట తెలుస్తోంది.

"మా, అది గంగమ్మ గాదు."

"తెలుసు."

"నీకు తెలుసా?"

"తెలీకేమి. మీ నాయన బండి చప్పుడుకు నువ్వు గోతాల చాటున దూరేది నేను చూడలేదా?"

అమ్మ చూసేది. దెబ్బలు తింటూ కూడా గోతాలవైపు చూసేది. చూసి, పెద్దమనుషుల ముందు ఆ సంగతి ఒక్క మాట అనలేదు. మంట వెలుగుతున్నప్పుడు కూడా గుమ్మం వదల్లేదు.

"అయితే గురువారం ఆసుపత్రికి పోదామా? గుండెదడకు డాక్టరమ్మ ఉండాదంటివే."

అమ్మ కుళాయి కట్టేసింది. కొంగుతో ఆ చెయ్యి అద్దింది, బొబ్బ చిట్లకుండా, ఎంతో జాగ్రత్తగా. కూతురి మొహంలోకి మాత్రం చూడలేదు.

"నీకిది నయమయిపోతే మనం యాడికి పోవల్ల రాణీ?"

లోపల నుంచి అత్త పిలిచింది, అన్నానికి. కేక కాదు, పిలుపు. ముగ్గురికీ వరసగా కంచాలు పెట్టి ఉన్నాయి. రెడ్డిరాణికి మాత్రం అరిటాకు, దాని కింద ముగ్గు. సంగటి ముద్ద మీద నెయ్యి, పక్కన వేడి పప్పు పొగలు కక్కుతోంది. అందరూ కూర్చున్నారు. ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఆమె తినడం మొదలుపెడితే తప్ప ఎవరూ తినరని అప్పుడు తెలిసింది. మామ తల వంచుకుని కూర్చున్నాడు. అత్త కళ్లు సగం మూసి ఉన్నాయి. అమ్మ చేతులు ఒళ్లో ఉన్నాయి, నిన్న మధ్యాహ్నం లాడ్జిలో తిన్నదే, ఆ తర్వాత ఏమీ తినలేదు. రెడ్డిరాణి ఊరికే కూర్చుంది. పప్పు మీద పొగ తగ్గే వరకూ వాళ్లను అట్లాగే కూర్చోబెట్టింది. అమ్మ గుటక మింగడం కనిపించింది.

కాలిన చేత్తోనే సంగటి తుంచి పప్పులో ముంచింది. నోట్లో పెట్టుకుంది. కంచాల మీద చేతులు కదిలాయి.